బరువే మందు

1. సోమవారం

డాక్టరు మస్తాన్ గారు రోజూ నాలుగు సంగతులు రాసిపెట్టమన్నారు. నొప్పి, తిండి, నిద్ర, నిలబడటం. మంచం పక్కన ఉండే మనిషే రాయాలట. మా అత్తమ్మ తబితమ్మకు నేను తప్ప పక్కన ఉండే మనిషి లేదు. మా ఆయన పోయాక ఆమెకు నేను, నాకు ఆమె. అందుకని రాస్తున్నాను.

నొప్పి: చాలా. తిండి: రెండు చెంచాల గంజి. నిద్ర: సూది వేశాక. నిలబడటం: లేదు.

పలకలో ఇంకా చోటుంది. జరిగింది కూడా రాస్తాను.

నిన్న ఆదివారం. ఇరుసు వాడ నుంచి పెద్దవాళ్ళను ఆరాధనకు దించే రోజు. లిఫ్టు ఇరుసు నుంచి అంచుకు దిగేకొద్దీ ఒంటి మీదికి బరువు ఎక్కుతుంది. ఆకాశంలో తిరిగే ఈ చక్రమే మా ఊరు, దాని తిరుగుడు అలాంటిది. పైన దూదిమూటలా ఉండే మనిషికి అంచున ఉన్న మా పట్టా వీధికి వచ్చేసరికి తన బరువు తనకు వచ్చేస్తుంది. అందుకే పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చుని దిగాలి, దిగాక కూడా కాసేపు కూర్చునే ఉండాలి.

అత్తమ్మ కూర్చోలేదు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. వయసులో చక్రం పై రేకులకు వెల్డింగు చేసింది. ఎవరైనా చెయ్యి అందిస్తే ఆ చేతిలో తన సంచి పెడుతుంది. నిన్న కూడా నా చేతిలో సంచి పెట్టి లేచింది. రెండో చేత్తో నేను ఆమె భుజం పట్టుకునే ఉన్నాను. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు వినబడింది. తర్వాతే కూలింది.

"ఒసే సుగుణా, నా చెప్పేదే?" అంది నేల మీద నుంచి.

"చెప్పు కాదత్తమ్మా, కదలకండి."

తల ఎత్తి చూసుకుంది. కుడికాలు పొట్టిదైపోయి, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. "ఇదెవరి కాలే?" అంది.

వీధిలో అందరూ ముసలామె జారిపడింది అంటున్నారు. నేల పొడిగా ఉంది. ఆమె జారలేదు. పడినందుకు తుంటి విరగలేదు, తుంటి విరిగినందుకు పడింది. ఈ మాట ఇవాళ నలుగురికి చెప్పాను. నా గొంతు పక్క కుర్చీకి కూడా వినబడదని నాకు పేరు. ఎవరికీ వినబడలేదు.

2. మంగళవారం

ఆపరేషన్ అయింది. నొప్పి: మత్తు దిగాక మొదలైంది. తిండి: మజ్జిగ.

పొద్దున డాక్టరు గారు రాడ్డు తెచ్చి చూపించారు. తొడ ఎముక లోపల బోలుగా ఉంటుందట, పైనుంచి ఆ బోలులోకి రాడ్డు దించుతారు. దాని మెడలోంచి ఏటవాలుగా ఒక లావు మర తుంటి బంతిలోకి ఎక్కిస్తారు. విరిగిన రెండు ముక్కలూ ఆ మర మీద ఒకటవుతాయి.

అత్తమ్మ రాడ్డును చేతిలోకి తీసుకుని కంటి దగ్గర పెట్టుకుని చూసింది. "మర బాగా కోశార్రా. ఏ లోహం?"

"పాత పైరేకులు కరిగించి చేస్తారమ్మా. మీరు అతికిన రేకే అయుండొచ్చు."

"అయితే ఊడదులే."

"రాడ్డు ఊడదు. ఎముకతోనే నాకు భయం. మెత్తబడిపోయింది. మెత్తటి ఎముకలో మర ఎంత గట్టిదైతే ఏం లాభం? అందుకే రేపే మిమ్మల్ని లేపి నిలబెడతాను."

"రేపేనా?" అన్నాను నేను.

"రేపేనమ్మా. ఒంటి బరువు కాలి మీద పడాలి. బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది, అతుక్కుంటుంది. ఇన్నేళ్ళూ పైన ఆ బరువు లేకే కదా ఇలా గుల్లయింది. దీనికి బరువే మందు. మూడు నెలలు ఇక్కడే, కింద, నడిపించండి."

అప్పటికి నాకు సగమే ఎక్కింది. ఆపరేషన్ గది బయట కూర్చుని ప్రార్థన చేసుకుంటుంటే మిగతా సగం ఎక్కింది.

డెబ్భై నిండిన వాళ్ళకు మా దగ్గర బరువు దింపు చేస్తారు. దండ వేస్తారు, కొత్త శాలువా కప్పుతారు, పాట పాడుతూ లిఫ్టు దాకా చేతుల మీద మోసుకుపోతారు. ఇన్నాళ్ళు మోశారు, ఇక మోకాళ్ళకు శ్రమ వద్దు, ఇరుసు వాడలో తేలిగ్గా ఉండండి అని. అది మర్యాద. అది చేయని బిడ్డలను వీధి వీధంతా ఆడిపోసుకుంటుంది. ఆ మర్యాదే వాళ్ళ ఎముకలు తినేస్తోంది. ఈ సంగతి ఎముకల డాక్టరుకు తెలుసు. మరి ఇంకెవరికి తెలుసు? తెలిసిన వాళ్ళు నోరెందుకు మెదపరు?

వెన్నులో మత్తు ఇచ్చారు కాబట్టి అత్తమ్మకు లోపలి మాటలన్నీ వినిపించాయట. సుత్తితో రాడ్డు దించుతుంటే, "వంకర పోతోంది, నిదానంగా కొట్టరా నాయనా," అందట. డాక్టరు గారు చెప్పి నవ్వారు. నేను కూడా నవ్వాను. ప్రభువుకు స్తోత్రం.

3. బుధవారం

నిలబడింది. వాకర్ పట్టుకుని, అటు నర్సు, ఇటు నేను. ఆమె నోటి నుంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. వార్డులో పక్క మంచం ఆయన చెవులు మూసుకుని దండం పెట్టాడు.

కూర్చోబెట్టాక చెమట తుడుస్తుంటే, "భూమ్మీద కాలు పెట్టినట్టుందే," అంది. ఆమె ఎప్పుడూ భూమి చూడలేదు. వాళ్ళ నాయనమ్మ చూసిందట.

4. శనివారం

ఇవాళ తిండి, నిద్ర బాగున్నాయి. మంచం నుంచి తలుపు దాకా నడిచింది.

నాకే బాగాలేదు. ఆసుపత్రి మంచం ఒక వారమే ఇస్తారు. తర్వాత డెబ్భై దాటిన వాళ్ళు పైకి పోవాల్సిందే. ఉతుకుల గదిలో నా వంతు పని ముగించుకుని స్థలాల ఆఫీసుకు వెళ్ళాను. అధికారి చెన్నకేశవులు గారు లేచి నిలబడి కుర్చీ చూపించారు. మంచినీళ్ళు ఇప్పించారు. ఆయన మర్యాదకు ఎప్పుడూ లోటుండదు.

"ఆపరేషన్ బాగా జరిగిందట కదా చెల్లెమ్మా, సంతోషం."

"జరిగిందండీ. మూడు నెలలు కిందే ఉంచమన్నారు డాక్టరు గారు. నా గదిలో ఉంచుకుంటాను."

"మీది ఒంటి గది కదమ్మా. ఒక మనిషికి సరిపడా గాలి."

"నా గాలిలోనే సగం పీలుస్తుందండీ."

ఆయన నవ్వారు. "పంచుకోవడానికి అదేమన్నా రొట్టెనా? పట్టా వీధిలో చోటు పుట్టేవాళ్ళకు, పనిచేసేవాళ్ళకు. ఒక్కరికి సడలిస్తే వంద మంది వస్తారు. అయినా చెల్లెమ్మా, ఆవిడకు ఇప్పుడు కాలెందుకు చెప్పండి? పైన నడిచే పనే లేదు. తాడు పట్టుకుంటే చేపపిల్లలా సాగిపోవచ్చు."

నేను నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"మా అమ్మ కూడా అక్కడే ఉంది. నేనే చేతుల మీద ఎత్తుకుని లిఫ్టు ఎక్కించాను. వారం వారం తెర మీద కనబడుతుంది. ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటుంది. ఎంత తేలిగ్గా ఉందిరా అంటుంది."

"సరేనండీ," అని వచ్చేశాను. యాభై ఏళ్ళుగా నా నోట్లో ఉన్న మాట అదొక్కటే.

ఇంటికి వచ్చి అన్నం కలిపి, కలిపిన గిన్నె పక్కకు నెట్టేశాను. కాలెందుకట! ఆ కాళ్ళతోనే ఆమె రేకుల మీద నడిచింది, ఈ వీధికి గాలి నిలిపింది. ఆ కాళ్ళ మీదే నా భర్తను పడుకోబెట్టుకుని లాల పోసింది. కాలెందుకని అడిగిన మనిషి తన కుర్చీలోంచి తన కాళ్ళ మీదే లేచి నన్ను గుమ్మం దాకా సాగనంపాడు. ప్రభువా, ఇంత కోపం నాకు ఎక్కడిది? నువ్వు ఇచ్చిందైతే దీనికో పని చెప్పు.

5. బుధవారం, ఇరుసు వాడ

అత్తమ్మను పైకి తెచ్చారు. సాయంగా నన్ను కొన్నాళ్ళు ఉండనిచ్చారు. ఉతుకుల గది వాళ్ళు పైన దుప్పట్లు మార్చే పని చూసుకోమన్నారు.

ఇక్కడ బరువు యాభయ్యో వంతు. గిన్నెలోంచి చారు వంపితే దారంలా నెమ్మదిగా దిగుతుంది. ఎవరి గుమ్మం ముందూ చెప్పులు లేవు. గోడల పొడుగునా తాళ్ళు. వాటిని పట్టుకుని ముసలివాళ్ళు ఒకరి వెనక ఒకరు తేలుతుంటారు. చూడ్డానికి హాయిగానే ఉంటుంది. వాళ్ళ పిక్కలు చూస్తే ఆ హాయి పోతుంది.

అత్తమ్మను నిలబెట్టాను. నిలబడటం కాదది, నేలను తాకడం. తడి దుప్పట్లన్నీ మూటకట్టి ఆమె నడుముకు బిగించాను. కింద అయితే మనిషిని కూలదోసే మూట. ఇక్కడ కోడిపిల్లంత.

"నన్ను చాకిరేవు గాడిదను చేశావు కదే," అంది.

"నడవండి అత్తమ్మా."

"నడవడానికి కింద నేల ఉండాలిగా. గాలిని తొక్కమంటావా?"

మధ్యాహ్నం దుప్పటి మార్చడానికి ఒక గదికి వెళ్ళాను. వల కుర్చీలో తెల్లగా, పొందికగా ఒక పెద్దావిడ. తలలో కాగితం పూలు. నడుము నుంచి కిందికి దుప్పటి కప్పుకుని ఉంది. అలివేలమ్మ గారు, చెన్నకేశవులు గారి తల్లి. దుప్పటి తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది శుభ్రంగానే ఉందమ్మా, వద్దు."

శుభ్రంగా లేదు. నెమ్మదిగా తీశాను. ఎడమకాలు పొట్టిది. పాదం బయటికి తిరిగి ఉంది.

"ఎప్పుడు విరిగిందమ్మా?"

"విరగలేదు, పట్టేసింది."

నేను అలాగే చూస్తుంటే తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. తాడులో కాలు ఇరుక్కుని మెలిపడిందట. నొప్పికి కేకలు పెడితే చూసుకునే మనిషి వచ్చి, ఇక్కడ కాలితో పనేముందమ్మా, పడుకోండి అని మందు బిళ్ళ ఇచ్చి పోయాడట. తెర మీద మాట్లాడేటప్పుడు ఛాతీ పైభాగమే కనబడుతుంది కాబట్టి కొడుక్కి తెలియదు.

"చెప్పకూడదా అమ్మా?"

"వాడే నన్ను ఎత్తుకొచ్చాడు తల్లీ. ఎంత మురిసిపోయాడో ఆ రోజు! తెలిస్తే తట్టుకోగలడా? నువ్వు చెప్పనని ఒట్టెయ్యి."

"మేం ఒట్టు వేయమండీ."

"అయితే మాటివ్వు."

ఇచ్చాను. దుప్పటి మార్చి, ఉతికింది మళ్ళీ నడుము దాకా కప్పాను. నా చేతులతోనే కప్పాను.

6. శుక్రవారం

నొప్పి: మళ్ళీ మొదలైంది. కొత్త చోట, గజ్జల్లో.

డాక్టరు గారు పైకి వచ్చి ఎక్స్‌రే తీశారు. ముందుదీ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చూపించారు. తుంటి బంతిలో మర వాలింది.

"తడిమట్టిలో గుంజ వాలినట్టమ్మా. ఇంకా వాలితే బంతిని చీల్చుకుని బయటికి వస్తుంది. అప్పుడు రెండోసారి పట్టుకోవడానికి ఎముకే ఉండదు. పక్క గది పైడయ్యకు జరిగింది అదే. ఇప్పుడు కూర్చోను కూడా లేడు."

"ఆఫీసులో మీరు చెప్పకూడదా బాబూ?"

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. "చెప్పాను. మళ్ళీ చెప్పాను. 'తమ్ముడూ, కోయడం నీ పని, సర్దడం నా పని' అన్నారు."

"మీకు కోపం రాలేదా?"

"వచ్చింది. కోపంతో ఆ ఆఫీసులో చోటు పుట్టదు కదమ్మా." వెళ్ళబోతూ ఆగారు. "మర ఇంకా బంతిలోనే ఉంది. ఇప్పుడైనా బరువు పడితే ఎముక దాన్ని పట్టుకునే అవకాశం ఉంది. ఆదివారం ఆరాధనకు దించవచ్చని రాస్తున్నాను. నేను రాయగలిగింది అంతే."

అత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. "నేను అతికిన అతుకు ఒక్కటి ఊడలేదే ఈ చక్రంలో," అంది. ఏడుస్తోంది. కన్నీళ్ళు కూడా ఇక్కడ జారవు, కంటిలోనే గుండ్రంగా నిలబడతాయి. వేలితో తీయాల్సి వచ్చింది.

7. ఆదివారం, పట్టా వీధి

ఈ చక్రంలో ఒక పాత మాట ఉంది. ప్రార్థన జరుగుతుంటే, నమాజు జరుగుతుంటే, పూజ జరుగుతుంటే పని మీద ఎవరూ లోపలికి రాకూడదు. గాలి పోతే తప్ప. మొదటి వాళ్ళు ఒకరి దేవుడి దగ్గర ఒకరు కొట్లాడుకుని, చివరికి పెట్టుకున్న కట్టు. ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు.

ఇంకోటి కూడా ఉంది. పట్టా వీధిలో ప్రతి గదికీ మనుషుల లెక్క ఉంది. ప్రార్థన మందిరానికి లేదు. వచ్చేవాళ్ళు వస్తారు, పోయేవాళ్ళు పోతారు.

ఆరాధన చివరికి వచ్చింది. పెద్దవాళ్ళను తిరిగి తీసుకుపోవడానికి లిఫ్టు వాళ్ళు గుమ్మం బయట నిలబడ్డారు. పాస్టరు జీవరత్నం అయ్యగారు ముగింపు ప్రార్థన ఎత్తుకున్నారు. ఆయన ఆమెన్ అనగానే వాళ్ళు లోపలికి వస్తారు. నేను బెంచీల మధ్య నుంచి కృపావతక్క దగ్గరికి జరిగాను. మా స్త్రీల సమాజంలో గొంతంటే ఆమెదే. ప్రార్థన మొదలుపెడితే పక్క వీధిలో పిల్లలు లేస్తారు.

"అక్కా, ఇవాళ ఆమెన్ రాకూడదు."

"ఎంతసేపు?"

"మూడు నెలలు."

కృపావతక్క నన్ను చూసింది. ముందు వరుసలో కుర్చీలో ఉన్న అత్తమ్మను చూసింది. గుమ్మం దగ్గర లిఫ్టు వాళ్ళను చూసింది. "అయితే ముందు నీళ్ళు తాగనీ," అంది.

అయ్యగారు ఆమెన్‌కు నోరు తెరిచేసరికి, "ఇంకా ప్రభువా!" అని వెనక నుంచి అక్క గొంతు లేచింది. అయ్యగారి నోరు అలాగే ఉండిపోయింది.

గొలుసు ప్రార్థన మాకు కొత్త కాదు. పంపులు ఆగిన ఏడాది ఒకరి తర్వాత ఒకరం రాత్రీ పగలూ నడిపాం. అక్క తర్వాత నలుగురు లేచారు. ఎవరికీ నేను ఇంతకంటే చెప్పలేదు. నా కోపం చిన్నదనుకున్నాను. ఈ మందిరంలో ప్రతి ఆడమనిషికీ పైన ఒక మనిషి ఉంది.

లిఫ్టు వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడీ నిలబడీ వెళ్ళిపోయారు.

8. గురువారం

నొప్పి: ఉంది, కానీ గజ్జల్లోది తగ్గింది. తిండి: కృపావతక్క ఇంటి నుంచి పప్పు. నిలబడటం: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. బల్లల మధ్య నడవా పొడుగునా నడుస్తోంది. ప్రతి మలుపులో నన్ను తిడుతుంది. తిట్లు ప్రార్థనలో కలవకుండా మెల్లగా తిట్టమని అయ్యగారు బతిమాలుకుంటున్నారు.

అయ్యగారికి భయం. "అమ్మా సుగుణా, ప్రార్థనను అడ్డుగోడ చేయడం న్యాయమేనా?" అన్నారు.

"అయ్యగారూ, మనం అడుగుతున్నది ఆమె నడవాలనే కదండీ. అది నిజమైన ప్రార్థన కాదా?"

ఆయన ఆలోచించి తన వంతు కూడా వేయించుకున్నారు.

అడగాల్సిన సంగతులు అయిపోయి ఇప్పుడు పంపుల కోసం, ఉల్లినారు కోసం, పారిపోయిన పిల్లి కోసం కూడా ప్రార్థిస్తున్నారు. భజన మండలి పద్మావతమ్మ వచ్చి, "నా వంతు నేను మా స్వామికి చెప్పుకుంటాను, మీకేం పరవాలేదుగా?" అంది. పరవాలేదన్నాం. గొంతు బాగుంది ఆమెది.

డాక్టరు గారు కూడా వచ్చారు. వెనక చక్రాల మీద ఎక్స్‌రే యంత్రం. "పని మీద రాకూడదు కదా, నేను ప్రార్థనకే వచ్చాను. ఇదే నా వెంటపడి వచ్చింది," అన్నారు. కళ్ళు మూసుకుని తన దేవుడిని తలుచుకున్నారు, తర్వాత యంత్రం తిప్పారు. మర అంతకంటే వాలలేదు. ఉన్నచోటే ఉంది.

9. శనివారం

చెన్నకేశవులు గారు వచ్చారు. చెప్పులు బయట విడిచి, చివరి వరుసలో కూర్చున్నారు. గుమ్మం అవతల లిఫ్టు వాళ్ళను నిలబెట్టారు. మర్యాదగల మనిషి, కట్టు దాటడు. ప్రార్థన ఆగేదాకా కూర్చుంటాడు. ఆగుతుందని ఆయనకు తెలుసు. అన్ని రోజులుగా మాట్లాడీ మాట్లాడీ కృపావతక్క గొంతు అప్పటికే గరగరలాడుతోంది. ఆమె తర్వాత వంతు పద్మావతమ్మది, ఇంకా రాలేదు. అక్క దగ్గుతో ఆగింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ ఆగింది. అందరూ నా వైపు చూశారు.

నేను నలుగురిలో ఎప్పుడూ పైకి ప్రార్థన చేయలేదు. దేవుడికి చెవుడు లేదని నా నమ్మకం.

లేచాను.

"ప్రభువా," అన్నాను. మందిరమంతా ఊపిరి బిగబట్టినా నా మాట మూడో వరుసకు కూడా పోలేదని నాకు తెలుసు. "ప్రభువా, నీ కూతురు తబితమ్మ నడుస్తోంది, నీకు వందనాలు. పైడయ్య నడవడు. ఎందుకు నడవడో నీకు తెలుసు."

వెనక బెంచీ కిర్రుమంది. ఆయనకు వినబడలేదు. లేచి రెండు వరుసలు ముందుకు వచ్చి కూర్చున్నారు.

"మేం మర్యాద అనుకుని మోసుకుపోయిన వాళ్ళ ఎముకలు అక్కడ గుల్లవుతున్నాయి. దండలు వేసి పంపించాం. తేలిక అని దానికి పేరు పెట్టాం. కాలెందుకని అడిగాం."

ఆయన ఇంకా ముందుకు వచ్చారు. ఇప్పుడు నా ఎదురుగా ఉన్నారు. శుభ్రమైన చొక్కా, దువ్విన తల. నా మాట పట్టుకోవడానికి మెడ చాచారు. ఆ ముఖం చూశాక నేను ఆపి ఉండవచ్చు. మాటిచ్చానని గుర్తుంది.

"ప్రభువా, నీ కుమార్తె అలివేలమ్మ గారి కోసం అడుగుతున్నాను. ఎడమ తుంటి విరిగి, అతకక, దుప్పటి కింద దాచుకున్న ఆమె కోసం. కాలితో పనేముందని బిళ్ళ ఇచ్చి పడుకోబెడితే పడుకున్న ఆమె కోసం. కొడుకు బాధపడతాడని తెర మీద నవ్వే ఆమె కోసం. ఆ నవ్వు చూసి అందరికీ తేలికే అని రాసే ఆ కొడుకు కోసం."

అది ప్రార్థన కాదు. దేవుడి ముందు నిలబడి ఒక ముసలామె కాలు పట్టుకుని ఆమె కొడుకు మీదికి విసిరాను. విసిరాక కూడా కోపం తగ్గలేదు.

చెన్నకేశవులు గారు లేచి, బెంచీల మధ్య దారి తెలియనట్టు ఒకసారి తప్పు వైపు తిరిగి, మళ్ళీ తిరిగి, బయటికి వెళ్ళిపోయారు. చెప్పులు వేసుకోలేదు.

పద్మావతమ్మ రొప్పుతూ వచ్చి, "ఎక్కడిదాకా వచ్చింది?" అంది.

10. ఆదివారం

లిఫ్టు వచ్చిన చప్పుడైంది. కుర్చీలో కాదు, చేతుల మీదే తెచ్చారు చెన్నకేశవులు గారు తల్లిని. పైన ఎత్తుకున్నప్పుడు దూదిమూట అయి ఉంటుంది, కుర్చీ అక్కరలేదని ఉంటారు. దిగేకొద్దీ బరువెక్కింది. మందిరం గుమ్మం దాకా వచ్చేసరికి మోకాళ్ళు వంగిపోతున్నాయి, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. గుమ్మం దగ్గర ఆగిపోయారు. లోపల ప్రార్థన నడుస్తోంది.

వాకర్ మీద నిలబడి ఉన్న అత్తమ్మ అటు తిరిగింది. "పని మీద వచ్చావా నాయనా, ప్రార్థనకా?"

"ప్రార్థనకేనమ్మా," అన్నారు. ఊపిరి అందడం లేదు.

"అయితే నిలబడ్డావేం, రా."

లేచి పట్టుకోబోయిన ఆడవాళ్ళను నేను చెయ్యి చాచి ఆపాను. ఎందుకు ఆపానో అడగొద్దు. ముందు వరుస బెంచీ దాకా ఆయనే మోశారు.

డాక్టరు గారు అప్పుడే ఎక్స్‌రే తీశారు. ముందు నన్ను చూశారు, తర్వాత ఆయన్ను. "రాడ్డు వేసే రోజులు దాటిపోయాయండీ. బంతిలో ప్రాణం లేదు. కొత్త బంతి చేయాలి. ఇక్కడ ఇంతవరకు ఎవరూ చేయలేదు. ప్రయత్నిస్తాను. మాట మాత్రం ఇవ్వలేను."

"ముందే వచ్చి ఉంటే?" అన్నారు చెన్నకేశవులు గారు.

డాక్టరు గారు ఎక్స్‌రేను ఆయన వైపు తిప్పారు.

ఆయన తల్లి ముందు కింద కూర్చుని ఆ తిరిగిపోయిన పాదాన్ని పట్టుకున్నారు. "ఎందుకు చెప్పలేదమ్మా నాకు?"

అలివేలమ్మ గారు ముందు నా వైపు చూసింది. "మాట నిలబెట్టుకోలేదు కదూ నువ్వు."

"లేదమ్మా."

తర్వాత కొడుకు తల నిమిరింది. "అడిగావా నాయనా? ఎప్పుడు మాట్లాడినా, తేలిగ్గా ఉందా అమ్మా అనే అడిగేవాడివి. ఉందిరా అనేదాన్ని."

సాయంత్రం ఆయన నా దగ్గరికి వచ్చారు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "మీ అత్తగారు మూడు నెలలు కింద ఉండటానికి రాసిచ్చాను చెల్లెమ్మా. మా అమ్మకు కూడా. ఇక ప్రార్థన ఆపించండి. అందరూ అలసిపోయారు."

"పైడయ్య గారికి?"

"ఒక్కొక్కటిగా చూద్దామమ్మా. చోటు..."

"ఆ వరసలో మిగతా గదుల్లో నేను మార్చని దుప్పట్లు ఉన్నాయండీ. వాటి కింద ఏముందో మీరు చూశారా?"

ఆయన తల దించుకున్నారు. పాపం అనిపించింది. పాపం అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆయన తల్లి కాలు కనబడ్డాకే ఆయనకు కాలు కనబడింది.

"సరేనండీ అని ఇంతకుముందు ఒకసారి అన్నాను మీతో," అన్నాను. "ఇప్పుడు అనను. రేపు పొద్దున లిఫ్టు ఎక్కుదాం, మీరూ నేనూ డాక్టరు గారూ. ప్రతి గదికీ వెళ్దాం. దుప్పటి మీరే తీయాలి."

ఆయన తల్లి వైపు చూశారు. తర్వాత, "ఎన్నింటికి?" అన్నారు.

నొప్పి: తక్కువ. తిండి: బాగా. నిద్ర: ఇప్పుడే పట్టింది. నిలబడటం: చెయ్యి పట్టుకోకుండా, వాకర్ కూడా వదిలి, ఒక్క క్షణం. నేను చూడలేదనుకుంది.